ఒక్క చేతిలో అన్ని సంతకాలు

పీహెచ్‌డీ విద్యార్థికీ అతని పర్యవేక్షకుడికీ ఉండే సంబంధం విశ్వవిద్యాలయంలోని మిగతా గురుశిష్య సంబంధాల లాంటిది కాదు. పీజీలో ఒక సబ్జెక్టు మాస్టారితో పడకపోతే ఆ ఒక్క పేపరుతో పోతుంది, సెమిస్టరు ఎలాగో గడిచిపోతుంది. పరిశోధనలో ఆ వెసులుబాటు లేదు. అంశం ఖాయం చేయడం, హాజరు ధ్రువీకరించడం, ఫెలోషిప్ కాగితాల మీద సంతకం పెట్టడం, ప్రయోగశాల వాడుకోనివ్వడం, సెమినారుకు పంపడం, పత్రికకు వెళ్లే వ్యాసం దిద్దడం, థీసిస్ సమర్పణకు సరేననడం, ఆ తరువాత ఉద్యోగానికి సిఫార్సు లేఖ రాయడం అన్నీ ఒక్కరి పనే. క్యాంపస్‌లలో ఆయన్ని లేదా ఆమెను గైడ్ అంటారు. విద్యార్థి స్కాలర్. ఈ ఇద్దరి మధ్య ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నదానికి కొంత చట్టం ఉంది, కొంత నియమావళి ఉంది. ఎక్కువ భాగం మాత్రం ఆనవాయితీ మీదే నడుస్తోంది.

నెల్లూరు తీరంలో ఈ ఆనవాయితీని దగ్గరగా గమనించవచ్చు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. దానికి కావలిలో ఒక పీజీ కేంద్రం ఉంది. కృష్ణపట్నం ఓడరేవుకు దగ్గర్లో ముత్తుకూరులో 1991 నుంచి మత్స్యశాస్త్ర కళాశాల నడుస్తోంది. ఇవేవీ హైదరాబాద్, విశాఖల్లోలాగా వందలమంది అధ్యాపకులున్న పెద్ద క్యాంపస్‌లు కావు. ఒక శాఖలో ఒక ప్రత్యేక అంశం తెలిసినవారు ఒకరో ఇద్దరో ఉంటారు. సముద్ర జీవశాస్త్రంలోనో రొయ్యల వ్యాధుల్లోనో పనిచేయాలనుకున్న విద్యార్థికి గైడ్‌ను ఎంచుకునే అవకాశం పేరుకే ఉంటుంది. పేచీ వస్తే పక్క గదిలోకి వెళ్లి ఇంకొకరి దగ్గర చేరడం అంత తేలిక కాదు. చిన్న చోట హద్దుల అవసరం ఎక్కువ. వాటిని పాటించడం కష్టమయ్యేది కూడా అక్కడే.

ఇంతకీ హద్దు ఎందుకు? గైడ్ ఒకే సమయంలో బోధకుడు, పై అధికారి, పరీక్షకుడు. బోధకుడిగా ఆయనకు చనువు కావాలి. తెలియనిది తెలియదని స్కాలర్ భయం లేకుండా చెప్పగలగాలి. పరీక్షకుడిగా ఆయనకు దూరం కావాలి. పని బాగాలేకపోతే బాగాలేదని మొహమాటం లేకుండా అనగలగాలి. ఈ రెండూ ఒకే మనిషి చేయాలి కాబట్టి, చదువుకు సంబంధం లేని మూడో లావాదేవీ ఏది వచ్చి చేరినా ఈ రెండింటిలో ఒకటి పాడవుతుంది. డబ్బు, ఇంటిపని, బంధుత్వం, ప్రేమ, కక్ష, కులాభిమానం ఏదైనా కావచ్చు. విద్యార్థికి నష్టం కలగడం ఒకటే ఇక్కడ సమస్య కాదు. ఆ తరువాత ఆ గైడ్ ఇచ్చే తీర్పుకు విలువ ఉండదు. ప్రతిభతో డిగ్రీ తెచ్చుకున్నవాణ్ణి కూడా ‘సేవ చేసి తెచ్చుకున్నాడు’ అని తోటివారు అనుకునే పరిస్థితి వస్తుంది.

దీనికి అడ్డుచెప్పేవారు సాధారణంగా గురుకులాన్ని గుర్తుచేస్తారు. శిష్యుడు గురువు ఇంట్లో ఉండి కట్టెలు కొట్టి, ఆవులు కాచి విద్య నేర్చుకున్న సంప్రదాయం మనదంటారు. ఆ గురువు శిష్యుడికి ఏళ్ల తరబడి అన్నం పెట్టి, పడక ఇచ్చి పోషించాడన్న రెండో సగం ఈ వాదనలో ఎప్పుడూ వినపడదు. ఇప్పటి గైడ్‌కు జీతం ప్రభుత్వం ఇస్తుంది. నెట్ జేఆర్‌ఎఫ్ వచ్చిన స్కాలర్‌కు 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో అయ్యాక 42,000 రూపాయలు ప్రజాధనం నుంచే వస్తాయి. ఒకరి ఉప్పు ఇంకొకరు తిన్నది లేదు. పైగా విశ్వవిద్యాలయ ఉపాధ్యాయుల అర్హతలపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో ఇచ్చిన నిబంధనల్లోనే వృత్తి నైతిక నియమావళి ఒకటి ఉంది. తరగతి వేళలు దాటాక కూడా విద్యార్థులకు అందుబాటులో ఉండాలని, ఆ సాయానికి ఏ పారితోషికమూ ప్రతిఫలమూ ఆశించకూడదని అందులో ఉంది. గురుదక్షిణ అన్న మాటకు అక్కడ చోటు లేదు.

నెల్లూరు, కావలి లాంటి ఊళ్లలో బంధుత్వాల సంగతి వేరే చెప్పుకోవాలి. గైడ్‌దీ స్కాలర్‌దీ ఒకే మండలం కావచ్చు. ఇద్దరూ ఒకే పెళ్లిలో ఎదురుపడవచ్చు. కొడుకును చేర్చడానికి వచ్చిన తండ్రి ‘మీ తమ్ముడనుకోండి సార్, మీ చేతుల్లో పెడుతున్నా’ అని చెప్పి, మలైకాజా డబ్బా బల్ల మీద పెట్టి వెళతాడు. సంక్రాంతికి చెరువు రొయ్యలు పంపే ఇళ్లూ ఉంటాయి. ఇందులో దురుద్దేశం వెతకడం అన్యాయం. మర్యాద తెలిసిన పల్లె మనిషి చేసే పని అది. అయితే తమ్ముడైనవాడు అన్నగారి కారు సర్వీసింగుకు తీసుకెళ్లనని ఎలా అంటాడు? వరస కలిపినప్పుడు ఆప్యాయతతో పాటు ‘కాదు’ అనలేని స్థితి కూడా వచ్చేస్తుంది. ‘అమ్మా’ అని పిలిచే గైడ్ దగ్గర మహిళా స్కాలర్ పరిస్థితీ ఇంతే. కూతురన్నాక సెలవురోజున ఇంట్లో వంటకు సాయం రమ్మంటే రానని చెప్పడానికి ఆమెకు మాట దొరకదు. తిరిగి పంపేయడం అమర్యాద అనిపించే చిన్న తినుబండారాన్ని శాఖలో అందరికీ పంచి, అంతకు మించినదాన్ని సున్నితంగా వెనక్కి ఇచ్చే గైడ్‌లు చాలామందే ఉన్నారు. గీత ఎక్కడో మొదటి వారంలోనే చెప్పేస్తే తరువాతి ఐదేళ్లూ ఇద్దరికీ హాయి.

సొంత పనుల గొడవ మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని మిస్సౌరీ విశ్వవిద్యాలయం, కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో ఒక సీనియర్ ఫార్మసీ ఆచార్యుడు భారతదేశం నుంచి వచ్చిన తన పరిశోధక విద్యార్థులతో ఇంటి చాకిరీ చేయించుకున్నాడని 2018 నవంబరులో ‘ది కాన్సాస్ సిటీ స్టార్’ పత్రిక బయటపెట్టింది. పచ్చిక కోయడం, మొక్కలకు నీళ్లు పోయడం, కుక్కను చూసుకోవడం, ఇంటి విందుల్లో వడ్డించడం ఆ ఆరోపణల్లో ఉన్నాయి. చదువుకు సంబంధం లేని పని ఎవరినీ చేయమని బలవంతం చేయలేదని ఆచార్యుడు ఖండించాడు. 2019 మొదట్లో రాజీనామా చేశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో, ఒక విద్యార్థి పరిశోధనలోంచి పుట్టిన కంటి మందును సొంతానికి అమ్ముకున్నాడంటూ విశ్వవిద్యాలయమే ఆయన మీద దావా వేసింది. ఈ ఉదంతంలో తెలుగు కుటుంబాలు గమనించవలసింది వీసా సంగతి. అమెరికాలో పరిశోధక సహాయకుడిగా ఉన్న విద్యార్థికి జీతం, ఫీజు మినహాయింపు ఆ ఆచార్యుడి ప్రాజెక్టు నుంచి వస్తాయి; ఆ స్థానం పోతే చదువు ఆగుతుంది, చదువు ఆగితే దేశంలో ఉండే హక్కు పోతుంది. వద్దనగలిగే శక్తి అక్కడ ఇక్కడికంటే తక్కువ. బయటపడ్డాక జరిగే విచారణ మాత్రం ఇక్కడికంటే గట్టిది.

తీరప్రాంత పరిశోధనలో హద్దుల ప్రశ్న గదిలోంచి నీటి మీదికి వస్తుంది. పులికాట్ సరస్సు నీటి ఉప్పదనం కొలవాలన్నా, పెన్న సాగరసంగమం దగ్గర బురదలోని జీవుల్ని లెక్కపెట్టాలన్నా, బకింగ్‌హాం కాలువలోకి రొయ్యల చెరువుల నీరు ఏ మోతాదులో కలుస్తోందో చూడాలన్నా నెలనెలా నమూనాలు తేవాలి. తెల్లవారుజామున బయలుదేరాలి, పోటుపాట్లు చూసుకోవాలి, పడవ మాట్లాడుకోవాలి. ఒక నెల నమూనా తప్పితే ఏడాది లెక్కలో గుంట పడుతుంది. అందుకే గైడ్‌కు ఆత్రం, స్కాలర్‌కు భయం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈ తీరం తుపాన్ల దారి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి రోజుల్లో ‘ఈ వారం వెళ్లను సార్’ అని స్కాలర్ అనగలగడం, అన్నందుకు తరువాత ప్రగతి నివేదికలో దెబ్బ పడకపోవడం వృత్తిపరమైన హద్దులో భాగమే. ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవకపోయినా.

క్షేత్ర పర్యటనకు మరికొన్ని జాగ్రత్తలు కావాలి. ఎక్కడికి, ఎవరెవరు, ఎప్పుడు తిరిగొస్తారన్నది శాఖలో కాగితం మీద ఉండాలి. పడవలో గైడ్, ఒక్క స్కాలర్ మాత్రమే కాకుండా మూడో మనిషి ఉండటం మంచిది. ఇది అనుమానంతో పెట్టే షరతు కాదు, ప్రమాదం జరిగితే సాయానికి కూడా పనికొచ్చేది. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించకూడదు. రాత్రి బస చేయవలసి వస్తే గదులు వేరు, వీలైతే మహిళా స్కాలర్‌తో ఇంకో విద్యార్థిని. ఖర్చు విషయం అందరూ దాటవేసేది. పడవ అద్దె, ఆటో, ఐస్ పెట్టె, సీసాలు స్కాలర్ జేబులోంచి పోతుంటాయి. బిల్లు పెడితే ఎప్పుడో వస్తుంది, ప్రాజెక్టు లేకపోతే అసలు రాదు. ఫెలోషిప్ లేని స్కాలర్‌తో సొంత డబ్బు పెట్టించి తెప్పించిన నమూనాల్లో కొన్ని గైడ్ వేరే ప్రాజెక్టుకు వాడుకోవడం ఇంటిచాకిరీకి ఏ విధంగానూ తక్కువ కాదు.

రొయ్యల వ్యాపారం ఇక్కడి పరిశోధనకు ఇంకో చిక్కు తెచ్చింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్య సాగును దెబ్బతీసింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ పుంజుకున్నాయి. హేచరీలు, మేత కంపెనీలు, మందుల కంపెనీలు పెరిగాయి. వాటికి సలహా చెప్పగల నిపుణులు విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. సలహా ఇవ్వడం తప్పు కాదు, అది రైతుకు మేలే. అయితే గైడ్ సలహాదారుగా ఉన్న కంపెనీ మేత మీద అతని స్కాలర్ పరీక్షలు చేస్తుంటే, ఫలితం ఆ కంపెనీకి ఇబ్బందిగా వస్తే, ఆ పట్టిక థీసిస్‌లో ఉంటుందా? చెరువు గట్ల మీద రైతులు నమ్మి చెప్పిన దిగుబడి లెక్కలు ఎవరి చేతికి వెళతాయి? ఇలాంటి సమాచారం బరువు చిన్నది కాదు. ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో రొయ్యల చెరువుల ప్రభావం మీద నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ఇచ్చిన నివేదికలను 1996 నాటి తీర్పులో సుప్రీంకోర్టు పరిగణనలోకి తీసుకుంది. నీటి నమూనా లెక్క కోర్టు దాకా వెళ్లగల చోట, ఆ లెక్క ఎవరిది, దాన్ని ఆపే హక్కు ఎవరికి ఉంది అన్నవి పని మొదలవకముందే తేల్చుకోవలసిన విషయాలు. గైడ్‌కు కంపెనీతో సంబంధం ఉంటే స్కాలర్‌కూ పరిశోధక సలహా సంఘానికీ రాతపూర్వకంగా చెప్పడం కనీస మర్యాద.

పరిశోధన వ్యాసం మీద ఎవరి పేరు ఎక్కడ ఉండాలన్న తగాదా అన్ని క్యాంపస్‌లలోనూ ఉంది. అది గైడ్‌ల అత్యాశ వల్లే వచ్చిందనుకోవడం సగమే నిజం. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధన మార్కుల లెక్క ఉంది. ఉమ్మడి వ్యాసానికి మొదటి రచయితకూ, ప్రధాన లేదా సంప్రదింపు రచయితకూ మార్కుల్లో 70 శాతం, ఇద్దరికి మించి రచయితలు ఉంటే మిగతావారికి 30 శాతం చొప్పున వస్తాయి. తన దగ్గర ఒక పీహెచ్‌డీ పూర్తయితే గైడ్‌కు 10 మార్కులు. ఉద్యోగోన్నతి ఈ లెక్క మీద నడుస్తున్నప్పుడు స్కాలర్ వ్యాసం గైడ్‌కు కూడా ఆస్తి అవుతుంది. అంశం సూచించి, పద్ధతి దిద్ది, రాతను సరిచేసిన గైడ్ పేరు ఉండటం న్యాయమే. కానీ చూడనైనా చూడని వ్యాసం మీద పేరు, శాఖాధిపతికి మర్యాదగా ఒక పేరు, స్నేహితుడి ప్రమోషన్ కోసం ఇంకో పేరు చేర్చడం న్యాయం కాదు. వైద్య పత్రికల సంపాదకులు అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం పనిలో గణనీయమైన పాత్ర, రాతలో లేదా దిద్దుబాటులో భాగం, తుది ప్రతికి ఆమోదం, తప్పొప్పులకు బాధ్యత ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. నాలుగోదాన్ని గుర్తుచేస్తే ఊరికే పేరు పెట్టమనేవారు చాలావరకు వెనక్కి తగ్గుతారు. 2022 నవంబరు నాటి పీహెచ్‌డీ నిబంధనలు థీసిస్‌కు ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న దేశవ్యాప్త షరతును తీసేశాయి. స్కాలర్ మీద ఒత్తిడి కొంత తగ్గింది, గైడ్ మార్కుల లెక్క మాత్రం మారలేదు.

డబ్బు విషయం నేరుగా ఎవరూ ఎత్తరు. వైవా రోజున బయటినుంచి వచ్చిన పరీక్షకుడి బస, భోజనం, శాలువా, శాఖ మొత్తానికి విందు స్కాలర్ భరించే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. డిగ్రీ వచ్చిన ఆనందంలో నలుగురికీ మిఠాయి పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ విందు ఫలితం ప్రకటించకముందే, పరీక్షకుడి కోసం, అప్పు చేసి పెట్టవలసి వస్తే అది ఆనందం ఎలా అవుతుంది? జూనియర్ కళాశాలల్లో పార్ట్‌టైమ్ జీతానికి పాఠాలు చెప్పుకుంటూ, రైల్లో కావలికీ నెల్లూరుకీ తిరుగుతూ థీసిస్ రాసుకునేవారికి ఇది చిన్న మొత్తం కాదు. పరీక్షకుల ఖర్చు విశ్వవిద్యాలయానిది అన్న ఒక్క వాక్యం శాఖ నోటీసు బోర్డు మీద పెడితే సగం సమస్య తీరుతుంది.

లైంగిక వేధింపుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. సుప్రీంకోర్టు 1997లో ‘విశాఖ’ అనే సంస్థ వేసిన కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు, 2013 చట్టం, వాటి తరువాత ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ చేసిన 2015 నిబంధనలు ఉన్నాయి. ఈ చివరివి 2016 మే నెలలో అమల్లోకి వచ్చాయి. ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు అయి ఉండాలి, సభ్యుల్లో సగమైనా మహిళలు ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. వ్యవహారం విద్యార్థులకు సంబంధించినదైతే విద్యార్థి ప్రతినిధులు కూర్చోవాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్ లాంటి పెద్ద అధికారులు అందులో ఉండకూడదు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. గైడ్ మీద ఫిర్యాదు చేసే స్కాలర్‌కు అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన తక్కువమందికి తెలుసు. విచారణ నడుస్తుండగానే, ఫిర్యాదు చేసిన విద్యార్థి పనిని ఆరోపణ ఎదుర్కొంటున్న అధ్యాపకుడు మదింపు చేయకుండా ఆపమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. సంతకాలను ఆ చేతిలోంచి తీసి వేరే చేతిలో పెట్టే అధికారం చట్టంలోనే ఉందన్నమాట.

ఇద్దరూ ఇష్టపడితే? మన నిబంధనలు పట్టుకునేది ఇష్టం లేని ప్రవర్తనను; ఇష్టంతో నడిచే సంబంధాన్ని విడిగా నిషేధించిన పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో బలపడలేదు. బయట కొన్ని సంస్థలు ఆ పని చేశాయి. అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులతో అధ్యాపకుల ప్రేమ సంబంధాలను యేల్ 2010లో, హార్వర్డ్ కళలు, శాస్త్రాల విభాగం 2015లో నిషేధించాయి. ఎవరి పనిని ఎవరు పర్యవేక్షిస్తారో వారితో సంబంధం కూడదన్నది ఇలాంటి నియమాల వెనుక ఉన్న సూత్రం. దీని తర్కం సూటిగానే ఉంటుంది. థీసిస్ మీద సంతకం పెట్టవలసిన మనిషికి చెప్పిన ‘సరే’ ఎంత స్వేచ్ఛగా చెప్పినదో బయటివారికి తెలియదు, ఒక్కోసారి చెప్పినవారికే తెలియదు. నిజంగానే మనసులు కలిస్తే దారి ఉంది: గైడ్‌షిప్ వదులుకుని, శాఖకు చెప్పి, వేరొకరికి అప్పగించడం. అలా చేయడానికి సిద్ధపడని గైడ్ ఆ ఇష్టాన్ని ఎంత తీవ్రంగా చెప్పినా నమ్మడం కష్టం.

ఫోను వచ్చాక సమయానికున్న గోడ కూలిపోయింది. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ‘ఆ గ్రాఫ్ పంపు’ అని సందేశం వస్తే, రెండు నీలం గీతలు పడ్డాక జవాబివ్వకుండా ఉండటం స్కాలర్‌కు అసాధ్యం. కొందరు గైడ్‌లు దీనికి సులువైన పద్ధతి పెట్టుకున్నారు: చదువు విషయాలు మెయిల్‌లోనే, వారానికో పదిహేను రోజులకో ఒకసారి ముఖాముఖి, అత్యవసరమైతేనే ఫోను. ముఖాముఖిలో ఏం అనుకున్నారో స్కాలర్ నాలుగు వాక్యాల్లో రాసి పంపుతాడు. ‘నేనెప్పుడు చెప్పాను’ అన్న మాట ఇద్దరి నోటా రాకుండా ఆ నాలుగు వాక్యాలే కాపాడతాయి.

హద్దు దాటడమంటే దగ్గరవడమేనని చాలామంది అనుకుంటారు. తెలుగునాట ఎక్కువ నష్టం దూరం వల్లే జరిగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేష్ అనే ఇద్దరు దళిత పరిశోధక విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రెండు సందర్భాల్లోనూ పర్యవేక్షకుడి కేటాయింపులో జరిగిన జాప్యం బహిరంగ చర్చకు వచ్చింది. గైడ్ లేని స్కాలర్‌కు అంశం ఉండదు, ప్రయోగశాల ఉండదు, తన తరఫున మాట్లాడే మనిషి ఉండడు. ఫెలోషిప్ గడువు మాత్రం కరిగిపోతూ ఉంటుంది. ‘నాకు ఖాళీ లేదు’ అన్న మర్యాదైన మాట వెనుక కులం ఉంటే దాన్ని నిరూపించడం ఎంత కష్టమో విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారందరికీ తెలుసు. గైడ్‌ను కేటాయించే బాధ్యత శాఖదని, ఎంతమంది స్కాలర్లున్నారో, ఎవరి ప్రత్యేకత ఏమిటో, విద్యార్థి ఆసక్తి ఏమిటో చూసి నిర్ణయించాలని యూజీసీ 2016 నిబంధనల్లో చెప్పింది. ఆచార్యుడికి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 4 మంది మించకూడదన్న పరిమితి 2022 నిబంధనల్లో ఉంది. ఎనిమిది థీసిస్‌లు చదవవలసిన మనిషి ఎవరిదీ చదవకపోయే ప్రమాదం ఆ పరిమితిలో కూడా ఉంది. అధ్యాయం ఇచ్చి ఆరు నెలలైనా తిరిగిరాకపోవడం పరిశోధక విద్యార్థుల్లో తరచూ వినిపించే గోడు.

స్కాలర్ వైపు నుంచి కూడా హద్దులున్నాయి. థీసిస్ రాయడం గైడ్ పని కాదు, డబ్బులిచ్చి బయట రాయించుకోవడం అంతకంటే కాదు. వైవాకు రాజకీయ నాయకుడితో ఫోను చేయించడం, గైడ్ కుటుంబ విషయాలు హాస్టల్లో పంచడం, ఒక గైడ్ దగ్గర ఇంకో గైడ్ మీద చెప్పి పని గడుపుకోవడం కూడా ఈ సంబంధాన్ని చెడగొట్టేవే. 2018 నాటి గ్రంథచౌర్య నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే థీసిస్ దిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. గైడ్ కఠినంగా ఉన్నాడన్న ఫిర్యాదుల్లో కొన్ని, ఆయన ఇలాంటి థీసిస్‌ను ఆపినందుకు వచ్చినవి. కఠినత్వం వేరు, వేధింపు వేరు. పనిని విమర్శించడం మొదటిది. మనిషిని, ఊరిని, కులాన్ని, ఇంగ్లీషు ఉచ్చారణను నలుగురిలో ఎగతాళి చేయడం రెండోది.

గొడవ వచ్చాక ఎక్కడికి వెళ్లాలి? మొదటి మెట్టు పరిశోధక సలహా సంఘం. స్కాలర్ ప్రతి సెమిస్టరూ దాని ముందు హాజరై ప్రగతి చెప్పాలి. ఇబ్బంది ఏమిటంటే, ఆ సంఘాన్ని సమావేశపరిచేది కూడా గైడే. తన ఎదుటే తన మీద చెప్పమని విద్యార్థిని అడగలేం. సభ్యుల్లో ఒకరు గైడ్ లేకుండా పది నిమిషాలు స్కాలర్‌తో విడిగా మాట్లాడే ఏర్పాటు ఉంటే ఆ లోపం చాలావరకు తీరుతుంది. రెండో మెట్టు విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అంబుడ్స్‌పర్సన్ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి.

గైడ్‌ను మార్చుకోవడం ఆఖరి మెట్టు, అన్నిటికన్నా కష్టమైనదీ అదే. ఏళ్ల తరబడి సేకరించిన డేటా ఎవరికి చెందుతుందన్న ప్రశ్న వస్తుంది. 2022 నిబంధనలు దీన్ని ఒక సందర్భంలో పరిష్కరించాయి. పెళ్లివల్లనో మరో కారణంతోనో వేరే ఊరు వెళ్లే మహిళా స్కాలర్ తన డేటాను కొత్త సంస్థకు తీసుకుపోవచ్చు. గైడ్‌కో పాత సంస్థకో మంజూరైన ప్రాజెక్టులోంచి వచ్చిన డేటా అయితే ఈ వీలు లేదు. తీసుకుపోయినప్పుడు పాత సంస్థకూ గైడ్‌కూ తగిన గుర్తింపు ఇవ్వాలి. మిగతావారికి ఇంత స్పష్టత లేదు. అమెరికాలోని ఎంఐటీ ఈ మెట్టును కొంత తేలిక చేసింది: గైడ్‌ను మార్చుకోవాలనుకున్న విద్యార్థికి కొత్తవారు దొరికేదాకా ఒక సెమిస్టరుపాటు సంస్థే డబ్బు ఇస్తుంది.

మత్స్య, వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల్లో ఇంకో పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అక్కడ పీజీ స్థాయిలోనే విద్యార్థికి ఒక ప్రధాన సలహాదారు, ఆయనతో పాటు ఇతర శాఖల సభ్యులున్న సలహా కమిటీ ఉంటాయి. థీసిస్ మీద అందరి సంతకాలూ కావాలి. చికాకు పెట్టే పద్ధతే, ఒక సభ్యుడు ఊళ్లో లేకపోతే పని ఆగుతుంది. కానీ ఒకరితో మాట చెడితే ఇంకొకరి తలుపు తట్టే వీలు విద్యార్థికి మొదటిరోజు నుంచీ ఉంటుంది. కాకుటూరులో సముద్ర జీవశాస్త్రం చేసే స్కాలర్‌కు ముత్తుకూరు నుంచి ఒక సహ పర్యవేక్షకుణ్ణి కలిపితే ఆ వీలు అతనికీ దొరుకుతుంది. రెండూ ఒకే జిల్లాలోవి.